చోటే మియా కుర్చీ

మానవపాడు

వసీం,

సలాం తర్వాత చెప్త. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎదురొస్తే తప్పుకపోతవ్. ఉర్దూల రాద్దామంటే నీకు చదవరాదు. అందుకే తెలుగుల రాస్తున్న.

దవాఖానల డాక్టర్ నీ మోకాలు చూసి "కొన్నాళ్లు బరువులెత్తుడు బందుపెట్టు" అన్నడు. నువ్వేం బందుపెట్టినవ్? సజ్దా, నేలకు నొసలానిచ్చుడు! మసీదుల ముసలోళ్ల కుర్చీల కూసొని నమాజ్ చేస్తున్నవ్. పొద్దుమూకంగనే గద్వాల జిమ్ముకు పోయి, నూటిరవై కిలోల బార్‌బెల్ భుజాల మీదేసుకొని కూసుంటవ్, లేస్తవ్, వీడియో పెడుతవ్. అల్లా ముందట వంగని మోకాలు ఫోన్ ముందట మంచిగ వంగుతుంది గదరా, శభాష్!

మొన్న శుక్రవారం జుమ్మా నమాజుకు చోటే మియా వచ్చిండు. ఎనభై ఏండ్ల మనిషి. ఆ కుర్చీ ఆయన కోసం ఆయన భార్య కుబ్రా బేగం ఇంట్ల నుంచి పంపిందే. అండ్ల నువ్వున్నవ్. నిన్ను లేపబోతే "పిల్లగానికి నొప్పి ఉన్నదంట, ఉండనీ" అని ఆయనే నన్ను ఆపిండు. కిందనే నమాజ్ చేసిండు. అయినంక లేవలేకపోయిండు. నేను, ఇంకొకాయన చెరో రెక్క పట్టి లేపినం. నువ్వు కుర్చీల కూసొని చూస్తున్నవ్.

నూటిరవై కిలోలెత్తే మొగోడా, ఆ ముసలాయన నలభై కిలోలు గూడ ఉండడు.

నీ మామ