సంగటి యాళకు ఇంటికొచ్చే కారు

రాయచోటి

సుబ్బయ్య గారికి,

రాయచోటి పశువుల ఆసుపత్రి నుంచి డాక్టర్ శివాని నమస్కారాలు.

మీరు నన్ను ఎరగరు. పోయిన వారం ట్రైనింగుకని కర్నూలు వచ్చినప్పుడు ఒక దాణా అంగడి అద్దం మీద మీ కాగితం చూసినాను. "ఎర్ర కారు అమ్మబడును. శానా బలమైనది. ఫోన్ చేయరాదు, ఉత్తరం రాయవలెను" అని రాసుంది. కింద మీ పేరు, ఆత్మకూరు పక్కన మీ పల్లె పేరు, పైన కారు ఫోటో. ఆ ఫోటో చూసినాక అంగట్లోకి ఎందుకు పోయినానో మర్చిపోయి ఉత్త చేతులతో బయటికొచ్చినాను.

ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి బస్సులో కడప పోతాంటే, గువ్వలచెరువు ఘాట్లో అచ్చం ఇట్లాంటి ఎర్ర కారు మమ్మల్ని దాటుకుని పోయింది. పొద్దు కుంకతా ఉండె. అది మలుపు తిరిగేదాకా చూసినాను, తిరిగినాక కూడా చూస్తానే ఉన్నాను. ఆ పొద్దు నుంచి నా కలల్లో నేను నడిచి పోయింది లేదు, యాడికి పోయినా అందులోనే పోతాండా.

ఇప్పుడు ఆ మోడలు చేయడం మానేసినారంట. ఇది చెయ్యి జారితే ఇంక కలలో చూసుకోవాల్సిందే. మా అమ్మేమో "తెల్లది, చిన్నది, నలుగురూ కొనేది కొనుక్కో, ఆ రాకెట్టు మనకెందుకు" అంటాంది. ఆమెకు జవాబు చెప్పాలంటే నాకు వివరాలు కావాల. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? యాడెయాడ తిరిగింది? ఎందుకు అమ్ముతాండారు?

ఇట్లు,
శివాని

తా.క.: ఉత్తరం రాసి పదేండ్లయింది. స్టాంపు ఏ పక్క అంటించాలని పోస్టాఫీసులో నా ముందున్నాయన్ను అడిగితే, ఆయన నా ఎనకున్నాయన్ను అడిగినాడు.

*

ఆత్మకూరు దగ్గర మా పల్లె

చిరంజీవి శివానికి,

సుబ్బయ్య ఆశీర్వదించి రాసేదేమంటే, ఈడ నేనూ, మా యింటామె కృష్ణవేణమ్మా, రెండెద్దులూ, బర్రే, కారూ అందరం కులాసా.

గొడ్ల డాక్టరమ్మ రాసిందంటే నాకు ప్రాణం లేచొచ్చె. ఇంతవరకు రాసినోళ్ళందరూ "లాస్టు రేటెంత" అని ఒక్క ముక్క రాసి ఊరకున్నారు. గొడ్డును సూడకుండా రేటడిగేటోడు కొనేటోడు కాదమ్మా. నువ్వు గారూ గీరూ ఇడిసిపెట్టి పెద్నాయనా అని రాయి. ఫోనెందుకొద్దంటే, ఫోన్లో నోరు ముందర పోతాది, బుద్ధి ఎనక వస్తాది.

ఈ కారు మా బామ్మర్ది కొడుకుది. కర్నూల్లో కాంట్రాక్టులు చేసుకుంటా రాజకీయాల్లోకి దూరినాడు. ఆడికి పోయినోళ్ళు ఎర్రదాంట్లో తిరగరాదంట, తెల్లది, ఎత్తుది ఉండాలంట. మూడేండ్ల కిందట నేను తీసుకున్నా. మీటరు తొమ్మిది వేలు చూపిస్తాది.

దీని బలమంతా ముందర చక్రాలకే. ఆ మాట ఇని నాకు శానా నచ్చింది. ఎద్దుల్ని బండికి ముందర కడతామా, ఎనక కడతామా? ఎనక చక్రాలు తోసే కార్లు చేసేటోడు పుట్టినాక సేద్యం మొహం సూసినోడు కాదు.

ఇంగ తిరిగేది అడిగినావు. మాపటేళ పాలు పితికినాక మేమిద్దరం బయల్దేరతాము. నల్లమల దారి పడతాము. గాజుకు అవతల చెట్లు ఒకదాని ఎనక ఒకటి చీకట్లో కలిసిపోతా ఉంటాయి. ఏసీ సన్నగా పాడతాంటాది. దోర్నాల, మార్కాపురం, ఒంగోలు, ఆ తట్టు కొత్తపట్నం. ఇంగ సముద్రమే. తెల్లటి నురుగు వస్తాది, పోతాది, మళ్ళీ వస్తాది. దాన్ని సూస్తాంటే మనిషికి ఏ బాధా గుర్తు రాదు. రొంతసేపు ఆడుండి, సంగటి యాళకు ఇంటికొచ్చేస్తాము.

ఎందుకు అమ్ముతాండానంటే, మా యింటామెకు భయం. అంతకు మించి ఏం లేదు.

ఇట్లు,
నీ పెద్నాయన సుబ్బయ్య

తా.క.: మొన్న మైసూరు కూడా పోయినాము. ప్యాలెస్‌కు లైట్లు ఏసినారు. ఆ పొద్దు మాత్రం ఇల్లు చేరేతలికి సంగటి రొంత సల్లారె.

*

రాయచోటి

పెద్నాయనకు, పెద్దమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు కళ్ళు మూసుకుని సముద్రం చూసుకున్నాను. రెండోసారి మా ఆసుపత్రి జీపు చూసే మెకానిక్ ఏసురాజుకు చదివి వినిపించినాను. మూడోసారి నాకు భయమేసింది.

ఏసురాజు చేతిలో స్పానర్ కింద పెట్టి లెక్క వేసినాడు. "పాలు పితికేది ఆరింటికి. సంగటి తినేది మహా అయితే తొమ్మిదికి. కొత్తపట్నం పోను రాను నాలుగొందల కిలోమీటర్లు. మేడమ్, అది కారు కాదు, ఇమానం" అన్నాడు. మైసూరు సంగతి చెప్తే టైరు మీద కూలబడినాడు.

నిజం చెప్పండి పెద్నాయనా, ఎంత స్పీడుతో పోతాండారు? అట్ల తొక్కితే ఇంజనులో ఏమన్నా మిగిలి ఉంటుందా? ఇంకోటి, ఇంత బలం ముందు చక్రాలకే ఇచ్చిన కార్లలో గట్టిగా తొక్కితే స్టీరింగు పక్కకు గుంజుతుందంట. ఏసురాజు అదే పనిగా అడగమన్నాడు. టైర్లు ఎట్లున్నాయి? పాపం, పెద్దమ్మకు భయం కాకుండా ఇంకేమైతుంది!

ఇట్లు,
శివాని

తా.క.: మా అమ్మ మీ ఉత్తరమంతా విని, "ఆయన పెండ్లాం ఇంకా బతికే ఉందేమో కనుక్కో" అన్నది.

*

మా పల్లె

చిరంజీవి శివానికి పెద్నాయన దీవెనలు.

ముందు మీ అమ్మకు జవాబు. బతికే ఉండాది. ఇప్పుడే మజ్జిగ తెచ్చిచ్చి, "ఏందప్పా అంత పొడుగు రాస్తాండావు" అని మొహం ఎగరేసి పోయింది.

స్పీడంటావా? శివశివా! మూడేండ్లలో ఒక్క గుంతలో పడలేదు, ఒక్క రాయి తగల్లేదు, కోడిపిల్ల కూడా అడ్డం రాలేదు. లోపల కూచున్నోళ్ళకు కుదుపనేదే తెలీదు. నాకు అమ్మేముందు బామ్మర్ది కొడుకే కొత్త టైర్లు ఏయించినాడు. వాటి మీద సన్న రబ్బరు ఎంట్రుకలుంటాయి సూడు, అవి ఇంకా ఊడలేదు, దూడ మూతి మాదిరి ఉండాయి. పెట్రోలు కూడా అంత దూరానికి తాగాల్సినంత తాగదు.

గుంజుతాదా అని అడిగినావు. బలమైన గొడ్డు పగ్గం గుంజుతాది. గుంజకుండా వచ్చేది గొర్రె. ఏసురాజుకు గొర్రె కావాలంటే గొర్రెనే కొనుక్కోమను.

మీటరు సంగతి గుండె మీద చెయ్యేసుకుని చెప్తాండా. నా చేతికొచ్చిన పొద్దు తొమ్మిది వేలు. ఈ పొద్దు కూడా తొమ్మిది వేలే. అంత భద్రంగా సూసుకున్నా.

నిన్న శ్రీశైలం పోయినాము. డ్యాం గేట్లు ఎత్తినారు. నీళ్ళు పడేది కాదమ్మా, ఆకాశమే చిరిగి తెల్లగా కిందికి జారతాండాది. తుంపర పొగ మాదిరి లేసి, కొండలన్నీ అందులో మునిగిపోయినాయి. సీట్లో కూచునే ఇద్దరం కండ్ల నిండా సూసినాము.

ఇట్లు,
సుబ్బయ్య

తా.క.: సున్నిపెంట కాడ మా యింటామె డోరు తీసుకుని దిగిపాయె. పొయ్యి మీద పాలు పొంగుతాండాయంట. దించిపెట్టి వచ్చి కూచునింది. అయినా డ్యాం కాడికి టయానికే పోయినాము.

*

రాయచోటి

సుబ్బయ్య గారికి,

మళ్ళీ గారు అని రాస్తాండానని ఏమీ అనుకోకండి. మనసు బాగలేదు.

సముద్రాలు, మైసూర్లు, శ్రీశైలాలు తిరిగినారు, టైరు మీద ఎంట్రుక ఊడలేదు, మూడేండ్లుగా మీటరు కదల్లేదు! ఏసురాజు ఒకటే మాటన్నాడు. "మీటరు తిప్పినారు మేడమ్. తిప్పేది కూడా రోజూ తిప్పినారు." సున్నిపెంటలో మీకు పొయ్యి యాడుందో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

కారు దొరకలేదని కాదు. మీ ఉత్తరం వచ్చిన పొద్దల్లా నాకు పండగ మాదిరి ఉండేది. ఒంగోలు రోడ్డు మీద నేనే పోతాండానని నిద్రపోయేదాన్ని. అదంతా అబద్ధమంటే ఏడుపొచ్చింది. నాకు కారొద్దు.

ఇట్లు,
డాక్టర్ శివాని

తా.క.: మా అమ్మ తెల్ల కారు అంగటికి ఫోన్ చేసేసింది. వచ్చే నెల మొదటి ఆదివారం అడ్వాన్సు ఇవ్వాలంట. వాళ్ళు బొకే కూడా ఇస్తారంట. మా అమ్మకు కారు కన్నా బొకే నచ్చింది.

*

మా పల్లె

అమ్మా శివానీ,

మీటరు తిప్పినోడి చేతులు పడిపోను! మా నాయన సంతలో ఒక్కనాడు గొడ్డు పన్ను గీసి వయసు దాచలేదు. నేను ముప్పై ఏండ్లు ఎద్దుల బేరాలు చేసినా, ఎనకనుంచి ఒక్కడు తిట్టినోడు లేడు. నీ ఉత్తరం సదివినాక రెండు దినాలు నాకు అన్నం దిగలేదు.

ఉన్నదున్నట్టు చెప్తాండా, నగుకుంటే నగుకో. కారు యాడికీ పోలేదు. మా గొడ్ల కొట్టంలో ఉండాది. మాపటేళ ఇద్దరం ఎక్కి కూచుంటాము. ఇంజను ఏసి, ఏసీ ఏసి, సీట్లు రొంత ఎనక్కి వాలుస్తాము. యాడికి పోదామని అడుగుతా. ఆమె ఊరు చెప్తాది. నేను తోలుతా దారి చెప్తా. ఎద్దులు కొననీకి లారీల్లో ఆ దార్లన్నీ తిరిగినోణ్ణి, యా మలుపు కాడ ఏ చెట్టుండాదో కండ్లు మూసుకుని చెప్తా. గాజు మీద చీకటి పడతానే కొట్టం కనపడదు. ఇంగ ఏ ఊరనుకుంటే ఆ ఊరే.

నిజంగా తోలింది ఒక్కసారే, తెచ్చిన పొద్దు. కాలు ఆనించినానో లేదో, ముందుకు దుమికి గడ్డివాములో దూరె. మా యింటామె కెవ్వున అరిసి, ఇంగ దీన్ని తోలొద్దని నా చేత ఒట్టేయించుకునె. ఇది జరిగిన కథ. నేను దొంగను కాదు తల్లీ.

ఇట్లు,
సుబ్బయ్య

తా.క.: కొట్టానికి మూడు దిక్కులా గోడ లేదు, పొగ భయం లేదని ఏసురాజుకు చెప్పు. ఎద్దులు కూడా అలవాటు పడినాయి. వైపర్లు ఏస్తే వాన వచ్చిందనుకుని లోపలికి జరుగుతాయి.

*

రాయచోటి

పెద్నాయనా,

కాళ్ళకు దండం. నన్ను క్షమించండి. చదువుకున్న నోరు తొందరపడింది.

ఉత్తరం ఏసురాజుకు చదివితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మేడమ్, ఆ కారు కొనొద్దు. పాపం, వాళ్ళిద్దరూ పోవాల్సిన ఊర్లన్నీ అందులోనే ఉండాయి" అన్నాడు. నాకూ అదే అనిపించింది. దాన్ని నేను తోలుకొచ్చేస్తే మీ మాపటేళలు ఏం కావాల?

పెద్దమ్మకు రోడ్డు మీద అంత భయమైతే, కొట్టంలోనే తిప్పండి. హాయిగా తిప్పండి. నేను ఆదివారం తెల్ల కారుకు అడ్వాన్సు ఇచ్చేస్తా. ఇన్నేండ్లు కలలో తోలినాను, ఇంక ముందు కూడా అట్లే తోలుకుంటా. రొంత బాధ ఉంది, ఉండనీలే.

ఇట్లు,
మీ బిడ్డ శివాని

తా.క.: ఈసారి గువ్వలచెరువు మీదుగా పోనీండి. ఎనక సీట్లో నేనున్నాననుకోండి. పాలకోవాకు ఆపితే దుడ్లు నేనిస్తా.

*

మా పల్లె

శివాని పాపకు,

కృష్ణవేణమ్మ రాసేది. ఆయన కాదు, నేను. అక్షరాలు వంకర పోతే సర్దుకో, నేను ఐదు వరకే సదివినా.

నీ ఉత్తరాలు ఆయన కారులో కూచుని, తనకు పనికిరాని ముక్కలు మింగి, నాకు సదివి వినిపిస్తాడు. ఆయన నీకు ఏం రాస్తాడో మాత్రం చెప్పడు. నిన్న హైదరాబాదు పోతా నీ ఆఖరి ఉత్తరం తీసినాడు. "పెద్దమ్మకు రోడ్డు మీద అంత భయమైతే" అనేకాడికొచ్చి దగ్గు తెచ్చుకున్నాడు. "ఎవురికప్పా భయం?" అంటి. షాద్‌నగర్ కాడ ఇంజను ఆపేసినాడు.

పాపా, గడ్డివాములో దూరిన పొద్దు కెవ్వుమనింది ఆయన. నేను నగినా. నెత్తి మీద గడ్డి, ఒళ్ళో ఎవురిదో కోడి, కడుపు పట్టుకుని నగినా. పెండ్లయినాక అంత నగింది లేదు. ఇంగోసారి తొక్కప్పా అని బతిమాలినా. ఆయనే నా తల మీద చెయ్యి పెట్టి, ఇంగ తోలనంటే తోలనని ఒట్టేసుకునె. ఆయన ఒట్టు, ఆయన భయం, పేరు మాత్రం నాది.

ఆయన చెప్తాంటే బాగుండదని కాదు. అబద్ధమెందుకు ఆడాల, శానా బాగుంటాది. కండ్లు మూస్తే నురుగు కనపడతాది. కానీ ఆయన సూసినోడు, యాదికి తెచ్చుకుంటాడు. నాకు అరవై దాటినా సముద్రం ఎట్లుంటాదో తెలీదు. కారు దిగేటప్పుడు ఊరికే పాదాలు సూసుకుంటా. పేడ ఉంటాది, ఇసుక ఉండదు. ఆ పొద్దుల్లో రాత్రి నాకు నిద్ర రాదు. అందుకే "తోలు, లేకుంటే తోలేటోళ్ళకు అమ్ము" అని గట్టిగా చెప్పినా.

నువ్వూ ఏసురాజూ మంచోళ్ళే, కానీ నన్ను మళ్ళీ కొట్టంలోనే కూచోబెడతాండారు. తెల్ల కారుకు అడ్వాన్సు ఇయ్యొద్దు. ఎర్రది నీకే. బేరం ఆయన మాట్లాడడు, నేను మాట్లాడతా. శనివారం పొద్దున్నే బస్సెక్కి బిన్నా రా, ఏసురాజును తోడు తెచ్చుకో. టైర్లు, బ్యాటరీ, ఆ గుంజేది అన్నీ సూసుకోనీ. మనసుకు నచ్చితే ఆదివారం తెల్లార్తోనే నువ్వు తోలు, నేను పక్కన కూచుంటా. కొత్తపట్నం కాడ నన్ను దించు. నా కాళ్ళు తడిసినాక కారు నీది, దాన్ని తీసుకుని రాయచోటికి పో. నేను బస్సులో ఇంటికొస్తా.

ఇట్లు,
నీ పెద్దమ్మ కృష్ణవేణమ్మ

తా.క.: ఆయన కూడా వస్తాడంట, ఎనక సీట్లో. దారి పొడుగునా "నిదానం, నిదానం" అంటాంటాడు. ఇనొద్దు.