పన్నెండో పేరు

అవినాశి,
28-12-1966, బుధవారం.

మీ పాదాలకు శివకామి నమస్కారాలు. ఇక్కడ అత్తమ్మా నేనూ, ఆవూ దూడా అందరం బాగానే ఉన్నాం. అక్కడ మదురై ఆసుపత్రిలో మీ దగ్గు ఎంత తగ్గిందో, డాక్టరు చెప్పినట్టు మధ్యాహ్నం పడుకుంటున్నారో లేదో పెరుమాళ్ళకే తెలియాలి. మీరు పడుకోరు. వార్డంతా తిరుగుతూ పక్క మంచాల వాళ్ళకు లారీ కథలు చెబుతుంటారు. నాకు తెలుసు.

ముందు మీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాళ్ళకు తైలం రోజూ రాస్తున్నాను. గట్టిగా రుద్దుతానని ఆవిడ గొడవ. మిల్లు వాళ్ళు నూలు లోడు మనకే ఇస్తున్నారు. లారీ ఇప్పుడు పొద్దున్నే మారాం చేయకుండా కదులుతోంది. ఇక డ్రైవరు మాయాండిని పంపేశావా అని అడిగారు. అతన్ని మానిపించమన్న మీ ముందటి ఉత్తరం అందిన గురువారం నాడే పంపేశాను. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను గానీ ఇప్పటికి నాలుగుసార్లు లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చాను. కాలు ఒకచోట నిలవడం లేదు.

సరే, లారీ మాట చెబుతాను. ఈ మార్గళి నెల చలికి తెల్లవారేసరికి ఇంజను ఎట్లా బిగుసుకుపోతుందో మీకు తెలియనిదా? హీటర్ ప్లగ్గులు వేడెక్కితే తప్ప డీజిలు అంటుకోదు. అవి కాలిపోయాయని రాశాను కదా. మెకానిక్ పొన్నుసామి జ్వరంతో మంచం దిగలేదు. అతని ఇంటికి వెళ్ళి, ఏది ముందు విప్పాలో ఏది తర్వాతో అడిగి తెలుసుకుని, మొన్న శనివారం పొద్దున నేనే బానెట్ ఎత్తాను. అత్తమ్మ వచ్చి నిలబడింది.

"ఏమ్మా, ఇది ఆడదాని పనియా? తెరువులో పొయ్యేవాళ్ళు చూసి నవ్వరా?"

"నవ్వనీండి అత్తమ్మా. ఆ స్పానరు ఇట్లా ఇయ్యండి."

గొణుక్కుంటూనే అందించింది.

ఆరు ప్లగ్గులూ ఒకదాని వెంట ఒకటిగా ఒకే తీగలో ఉంటాయి. ఒకటి పోతే ఆరూ చల్లగా పడి ఉంటాయి. విప్పి చూస్తే మూడోదాని కొసన తీగ తెగిపోయి ఉంది. పొన్నుసామి ఆరూ మార్చమన్నాడు, ఆరూ మార్చాను. వేళ్ళ సందుల్లో మసి ఇంకా వదల్లేదు.

ఇక దాచడం నా వల్ల కాదు. ఆ ప్లగ్గు మాయాండి కాల్చలేదు. నేను కాల్చాను.

మార్గళి మొదటి రోజు, శుక్రవారం, మాయాండి రావడం ఆలస్యమైంది. మిల్లు గేటు దగ్గర లోడు కాచుకుని ఉంది. నాకు ఓపిక ఎక్కడిది? స్నానం చేసి పసుపు రాసుకున్న చేతులతోనే లారీ ఎక్కాను. మీరు చేసేది ఎన్నిసార్లు చూడలేదు? హీటర్ స్విచ్ నొక్కి పట్టుకుని కేశవ, నారాయణ అంటూ పన్నెండు నామాలు చెబుతారు. చివరి నామం రాగానే ఇంజను తిప్పుతారు. మీకు గడియారం అక్కర్లేదు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. పదకొండు చెప్పి ఆగిపోయాను. పన్నెండోది మీ పేరు.

మామూలు రోజుల్లోనే భర్త పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందంటారు. మీరు ఆసుపత్రిలో దగ్గుతూ ఉంటే నాకు నోరెట్లా వస్తుంది? మళ్ళీ కేశవ దగ్గరికి వెళ్ళాను. పూజలో చెప్పినట్టు నిదానంగా చెప్పడం, పన్నెండోదాని దగ్గర ఆగడం, మళ్ళీ మొదటికి రావడం. వేలు మాత్రం స్విచ్ మీదనుంచి తీయలేదు. ఎన్ని చుట్లు తిరిగానో. స్విచ్ పక్కన ప్లగ్గుల వేడి చూపించే తీగ ఎర్రబడి, తెల్లబడి, టక్కున ఆరిపోయింది. నేను చప్పుడు చేయకుండా దిగి ఇంట్లోకి వచ్చేశాను.

తర్వాత మాయాండి వచ్చి ఎక్కి చూశాడు, దిగాడు. ఎవరు ముట్టుకున్నారని అడగలేదు. మీకేమో, అతను ఎక్కువసేపు పట్టి కాల్చేసినట్టున్నాడని రాశాను. అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా ఎట్లా రాశానో, తలుచుకుంటే సిగ్గుగా ఉంది. మీరు మానిపించమన్నారు. అతను తాళం నా చేతికిస్తూ, "సరి అక్కా, అయ్య బాగై రానీ" అని మాత్రం అన్నాడు.

శనివారం కొత్త ప్లగ్గులు వేశాక మళ్ళీ స్విచ్ పట్టుకున్నాను. పదకొండు చెప్పి, కళ్ళు మూసుకుని, దామోదర అనేశాను. ఇంజను అందుకుంది. అత్తమ్మ విన్నది. లోపలికి వెళ్ళి పెరుమాళ్ళ ముందు దీపం పెట్టింది. ఆ పొద్దున ఏడు గంటలకు మీ ఒళ్ళు ఎట్లా ఉందో తప్పకుండా రాయండి. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

మర్నాడు బస్సెక్కి, అతను వెళ్ళిపోయిన సొంతూరు మేలూరికి వెళ్ళి, మాయాండి ఇంటి వాకిట్లో నిలబడే అంతా చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

"అప్పుడే తెలుసునక్కా. స్విచ్చి మీద పసుపు ఉండె. ఎవరన్నా చూస్తారని నేనే తుడిచేస్తిని."

"తెలిసీ ఏమిటికి చెప్పలేదు నువ్వు?"

"ఎట్లా చెప్పేది? అయ్యకి ఒళ్ళు సరిలేదు. నన్ను తిట్టితే ఒక పూట తిట్టి మరిచిపోతాడు. మిమ్మల్ని తిట్టితే ఆయనకి అన్నం దిగదు. ఇది మాత్రం రాయవేండాం అక్కా."

రాయనని మాట ఇస్తేనే మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఆ మాట తప్పుతున్నాను. మీ కోపమంతా నా మీద చూపించండి, కానీ దానికోసం మందులు మానేసి బస్సెక్కకండి.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు నూలు లోడుతో మన లారీ మదురై వస్తోంది. మాయాండి చేతికే ఇస్తున్నాను. అతనికి మన తెలుగు మాట వచ్చు గానీ అక్షరం రాదు. మీ పంచెల సంగతి రాశానని చెప్పాను. మీరు ఇది చదివేసరికి మంచం పక్కన నిలబడి ఉంటాడు. పదేళ్ళుగా మీ ఎదుట ఒక్కసారి కూర్చోలేదు. కూర్చోమనండి.

ఇట్లు,
మీ ఇంటిది,
శివకామి