అమ్మవారు దొరికిన ఊరు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు కాపలా కాసిన మ్యూజియంలో గదులను మళ్లీ సర్దుతున్నారు. ఏ విగ్రహం ఎక్కడ ఉండాలో తెర మీద జరిపి చూసుకునే ప్రోగ్రాం నేనే తయారుచేశాను. దొరికిన ఊరు నమోదు కాని విగ్రహాన్ని అది ఏ గదిలోకీ రానివ్వదు. ఆ నియమం పెట్టిందీ నేనే.

నువ్వు ప్రతి శుక్రవారం పసుపు పెట్టిన, చెయ్యి విరిగిన అమ్మవారు బయటే ఆగిపోయింది. "ఉప్పుకు, పప్పుకు లిస్టు రాస్తవు, అమ్మ దొరికిన ఊరు రాసుకోవేందిరా?" అనేవాడివి. ఎన్నిసార్లు చెప్పినా నేను రాసుకోలేదు, ఇప్పుడు ఆ ఊరి పేరు గుర్తుకు రావడం లేదు.

"ఏదో ఒక ఊరు కొట్టుండ్రి సారు, ఎవలడుగుతరు?" అంది స్వీపరు లక్ష్మక్క. వేల్పూర్ అనీ, సిరికొండ అనీ కొట్టి, రెండూ చెరిపేశాను. నియమం తీసేద్దామంటే అధికారులు ఒప్పుకోలేదు.

ఈ మధ్యాహ్నం అమ్మవారిని గోనెపట్టాలో చుట్టి స్టోరుగదికి మోశారు. ఒక కొస నేనే పట్టుకున్నాను.