మూడో చరణం

జహ్రా, కువైట్
2025 జనవరి 4

చిరంజీవి మనవడు శివకుమార్‌ను తాత దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, మా యజమాని కఫీల్ మేకలు క్షేమం. నీ క్షేమమే నాకు దిగులు.

నా రాత కోడి గెలికినట్టుంటుంది, కూడబలుక్కుని చదువు. ఫోను చేస్తే ఎత్తవు. అందుకే ఖైతాన్‌లో ఉండే మునాఫ్ ఊరికి వస్తుంటే అతని చేతికిస్తున్నాను. నువ్వు చదివేదాకా కదలొద్దని చెప్పాను.

నీ వీడియో చూశాను. అటక మీద ఉన్న, కోడె కొమ్ముకు కట్టే పాత పలక దించి, తలకు గుడ్డ కట్టి, నిన్ను జోకొట్టిన పాటకు డీజే పెట్టి ఎగిరావు. పశువుల పండగకు కోడె ముందు నిలబడి దాని పలక లాగేస్తానన్నావు. ఇది మా తాత పట్టిన పలకప్పా, ఆయప్ప రక్తం ఊరకుంటాదా అన్నావు. పక్క కొట్టం వాళ్ళు చూసి, భలే మనవడు పుట్టినాడు బ్బా అన్నారు. నేను కంచం పక్కన పెట్టి నీకు ఫోను కలిపాను.

ఒరే, ఆ పాట సంగతి నీకేం తెలుసు.

కొమ్ముకు పలక కట్టె, కోడెకు రోషం పుట్టె
అడ్డమొచ్చే మొనగాడెవడు

పలక పట్టిన చెయ్యి చూడు
పల్లెకంతా పేరు చూడు

ఈ రెండే నీకు పాడాను. నువ్వు పౌరుషం పాటనుకున్నావు. మూడోది ఇది:

పలక వచ్చె ఇంటికి, పట్టినోడు రాలేదే
పాలు తాగే బిడ్డకు నేనేమని జోకొట్టుదు

మీ అవ్వ రెడ్డెమ్మ కట్టిన జోలపాట రా అది. ఆ పండగనాడు ఆమె పొయ్యి వెలిగించదు, గొడ్లు పోయేదాకా తలుపు తీయదు. ఒక్కపొద్దు అనుకుంటావు నువ్వు. కాదు.

కోడె తప్పేం లేదు. డప్పులు కొట్టి సందులో వదిలితే అది ఇల్లు వెతుక్కుంటూ పరిగెత్తుతుంది. అడ్డం నిలిచినోణ్ణి మొనగాడనుకోదు, గోడ అనుకుంటుంది.

వచ్చి నీ కాళ్ళకడ్డం పడేవాణ్ణి. ఎవడి ముందూ తల వంచనివాణ్ణి, కఫీల్ గడప దగ్గర నిలబడి అడుక్కున్నాను. మేకలు ఈనే కాలం, సెలవు లేదు, ఖలాస్ అన్నాడు. పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది. మీ నాయనకు చెబితే, నువ్వు పాడిన పాటే గదా, పిలకాయల్ని ఎగరనీలే అన్నాడు. ఇంకెవరికి చెప్పాలో తెలియడం లేదు.

పోవద్దు నాయనా. పిరికోడంటారు. అననీ. నన్నూ అన్నారు. బతికే ఉన్నాను.

ఇట్లు
నీ తాత
చిన్నపుల్లయ్య

మరొక మాట: ఇది ముందే రాయాల్సింది, చెయ్యి రాలేదు. నా పేరులో చిన్న ఎందుకని పసితనంలో అడిగేవాడివి. పెద్దపుల్లయ్య ఉండేవాడు, మా అన్న. ఆ పలక పట్టింది ఆయన. మీ అవ్వ మొదట ఆయన భార్య. పాటలో పాలు తాగే బిడ్డ మీ నాయన. తల్లీబిడ్డలను తీసుకుని నేను ఊరు మారాను. మీ నాయనకూ ఈ సంగతి తెలియదు. నీలో ఉండేది ఆయన రక్తం శివా, నాది కాదు. ఆ పలకను ఆయన వేళ్ళు విడదీసి తీసింది నేను. అవ్వ చూడకముందే అటక మీద పెట్టు.