తెర పక్కన మీ చోటు

ఏమండీ,

మీ అభిమాన దర్శకుడు పేరు రాకముందు తీసిన సినిమా ఒకటి నిన్న మన దీవిలో, ట్రియోలే ఊరి సినిమా హాల్లో వేశారు. మీరు పోయాక అక్కడ ఇదే మొదటి తెలుగు సినిమా. మనవాళ్లలో చాలామందికి తెలుగు మాటలు అందవని మీరు తెర పక్కన నిలబడి ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో కథ చెప్పేవారు. నిన్న ఆ పనికి నన్ను లేపారు.

ఉన్నది ఉన్నట్టే చెప్పాను. చివర్లో కథానాయకుడు, ఆ జాలరి, సముద్రంలో మునిగిపోయాడనగానే మన మనవరాలు లలిత అరిచింది: "తాతైతే ఒడ్డుకు చేర్చేవాడు, అవ్వా!"

హాలంతా నవ్వి, నా వైపే చూసింది. కథ మార్చొద్దని మిమ్మల్ని ఎంత తిట్టేదాన్నో మీకు తెలుసు. అయినా, "ఇక్కడే, మన సుయాక్ తీరం దగ్గర ఒడ్డెక్కాడు. తడిబట్టలతోనే ఇంటికొస్తున్నాడు," అన్నాను.

ఇంటికొచ్చాక తలుపు గడియ పెట్టడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.