బిస్కెట్ల బల్ల

చెల్లీ,

రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళకి మధ్యలో ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో అయితే నా గొంతే నన్ను పట్టిస్తుంది.

నిన్న మన సేవా క్లబ్బు మీటింగులో నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. చూశావో లేదో!

తోడికోడలు ఇంట్లో ఒక్కతే ఉంటుంది కదా అని నిన్ను క్లబ్బులో చేర్పించింది కూడా నేనే. నేను ఆరేళ్ళు ఆ అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని మైకు అరిగేలా మాట్లాడినా పన్నెండుమందిమే మిగిలాం. నువ్వొచ్చిన ఏడాదికే నలభై ఒక్కమంది!

ఏం మందు పెట్టావో కనుక్కుందామని, కొత్తగా చేరిన టైలరమ్మని కదిపాను. “రక్తదాన శిబిరంలో రక్తమిచ్చి లేచేసరికి నాకు కళ్ళు తిరిగాయండీ. మీ చెల్లెలుగారు చేతిలో బిస్కెట్ పెట్టి, పక్కనే కూర్చుని, ఇంటిదాకా దిగబెట్టి వెళ్ళారు,” అంది.

“మరి నేనెక్కడున్నాను?” అన్నాను.

“మీరు మైకులో ఉన్నారండీ,” అంది.

అసలు సంగతి చెప్తాను, కోప్పడకు. ఆరోజు నువ్వు నాకంటే బాగా తయారై వచ్చావు. వేదిక దగ్గరుంటే అందరూ నిన్నే చూస్తారని, మూలనున్న బిస్కెట్ల బల్ల నీకు అంటగట్టాను. నా చేతులతో నేనే!

వచ్చే నెల శిబిరానికి పనులు పంచేటప్పుడు మైకు నువ్వే తీసుకో. మొదట్లో కాళ్ళు వణుకుతాయి, వణకనీ. నాకేం బాధ లేదు. ఆ బిస్కెట్ల బల్ల మాత్రం నా పేరున రాసెయ్.

కడుపుమంట చల్లారాక తానే ఫోన్ చేసే
అక్క