కాకి తన్నిన కబురు

ఎమ్మిగనూరు,
18-2-1955.

చిరంజీవి తమ్ముడు లక్ష్మప్పకు అక్క ఉచ్చీరమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరికీ ఒళ్లు బాగానే ఉంది, మనసే బాగాలేదు. బర్మా నుంచి మళ్లీ నీ చేతిరాత చూసేదాకా ఎవరికీ కుదురు లేదు. జాబు సగం చదివి జేబులో పెట్టుకునే అలవాటు ఈసారికి మానుకో.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. నీ భార్య నాగమ్మ గోనెగండ్లలో పుట్టింట్లోనే ఉంది, ఎనిమిదో నెల దాటింది. కాళ్లకు నీరు పట్టింది గానీ భయం లేదని మంత్రసాని చెప్పింది. అమ్మ కంటికి మందు వేయించాం. ఆదోనిలో నీ పాత జిన్నింగు మిల్లు పత్తి లోడులతో నిండిపోయిందట. ఇక్కడే ఇంత పని ఉండగా మిషన్లు బిగించడానికి బర్మాదాకా పోవాలా అని మీ బావ ఇప్పటికీ సణుగుతున్నాడు.

ఇక సంగతి విను. నువ్వు చచ్చిపోయావని బుధవారం నాకు కబురు వచ్చింది.

పత్తి గోదాము దగ్గర కాకి నీ తలమీద తన్నిందని కిందటి జాబులో నవ్వుతూ రాశావు. అమ్మకు ఆ మాట ఎందుకు రాశావురా? కాకి తంతే గండమని, తోడబుట్టిన వాళ్లకు ఉత్తుత్తి చావు కబురు పంపి ఏడిపిస్తే ఆ గండం పోతుందని అమ్మ పట్టు నీకు తెలియదా? నీ పాత మిల్లులో పనిచేసే దేవేంద్రప్పను అమ్మే ఆదోని నుంచి బస్సులో పంపింది. జ్వరంతో పోయావని చెప్పమందట. పేపరు చదివే మనిషి కదా, సొంత తెలివి కలిపి చావు కబురు చల్లగా చెప్పాడు.

"అక్కా, లక్ష్మప్ప ఇంక లేడు. రైలు కింద మందు పెట్టి పేల్చినారంట."

జ్వరమంటే నమ్మేదాన్ని కానేమో. ఆ దేశంలో తిరుగుబాటుదార్లు పట్టాల కింద మందు పెడతారని నువ్వే రాశావు, అందుకే నమ్మాను. మీ బావ మగ్గం వదిలి వచ్చి తల బాదుకుని ఏడ్చాడు. సాయంత్రం అమ్మ కూడా బస్సు దిగి వచ్చి ఇదంతా కాకి కోసమని చెప్పింది. మీ బావ విసవిసా మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. అమ్మ నా గడ్డం పట్టుకుని అడిగింది.

"బాగా ఏడ్సినావు కదమ్మా? బావ ఏడుపు లెక్కకు రాదు. నువ్వే ఏడ్సల్ల."

ఏడ్చానన్నాను. ఆమె మొహం తేటపడింది.

అక్కడి నుంచి ఓడ రేవుకు ఏ రైలుకు రావాలని అడిగావు కదా. ముందు రైలెక్కితే వచ్చే నెల ఓడ అందుతుంది, కాన్పు నాటికి ఇల్లు చేరతావు. మిలిటరీ కాపలా ఉన్న రైలు కోసం ఆగితే ఓడ తప్పుతుంది. అమ్మ నిన్న నీకు జాబు వేయించింది. గండం గడిచింది, అక్క ఏడ్చింది, ధైర్యంగా ముందు రైలుకే రమ్మని రాయించింది. ఈ పొద్దున ఆ మాట వినగానే ఈ జాబు రాయడానికి కూర్చున్నాను.

తమ్ముడూ, నేను ఏడవలేదు.

దేవేంద్రప్ప చెప్పినప్పుడు కండె చుడుతున్నాను. దారం తెంపకుండా ఆ కండె పూర్తిగా చుట్టాను. లేచి, మైల స్నానాలకు నీళ్లు తోడమన్నాను. పక్కింటివాళ్లు రాతి గుండె అనుకుని ఉంటారు. నువ్వు ఓడెక్కినప్పటి నుంచి పోస్టుమాన్ గడప తొక్కిన ప్రతిసారీ ఈ కబురు మనసులో వింటూనే ఉన్నాను. నిజంగా చెవిన పడేసరికి కన్నీళ్లు రాలేదు. కొంగు మొహాన కప్పుకున్నాను, అందరూ ఏడుపే అనుకున్నారు. తర్వాత కూర్చుని ఏడవబోయాను. నువ్వు బతికే ఉన్నావని తెలిశాక ఎట్లా వస్తుంది? ఉల్లిగడ్డలు కోస్తే నీళ్లు వచ్చాయి గానీ అవి నీ లెక్కకు రావు.

కాకిని నమ్ముతానో లేదో నాకే తెలియదు. పట్టాల కింద పెట్టే మందును మాత్రం నమ్ముతాను. అమ్మ నీకు పంపిన ధైర్యం నా అబద్ధం మీద నిలబడింది. దాన్ని నమ్మి రైలెక్కకు. కాపలా రైలుకే రా. మిల్లు ఖాకీ చొక్కా తొడుక్కోకు, పోలీసువాడనుకుంటారు. కాన్పు నేను చూసుకుంటాను. నువ్వు లేవని బిడ్డ పుట్టడం ఆగదు. ఆ బిడ్డ నిన్ను చూడడానికి ఒక నెల ఆగుతుంది.

మీ బావ ఈ జాబును విమానం టపాలో వేయడానికి ఆదోనికి బయలుదేరుతున్నాడు. అమ్మ జాబు ఓడలో పోతుందట, ఇది ముందు అందాలని మొక్కుకుంటున్నాను. నువ్వు వచ్చి ఆదోని స్టేషన్‌లో దిగిన రోజు అమ్మకు నిజం చెప్పి, అందరి ముందూ ఎంత కావాలంటే అంత ఏడుస్తాను. అందాకా నన్ను ఏడిపించకు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అక్క ఉచ్చీరమ్మ